ఐదో అంతస్తు గంట

ఆ ఆదివారం పొద్దున్న పది గంటలకి ఆసుపత్రి వెనక గేటు దగ్గర బస్సు దిగాం, నేనూ నా మనవరాలూ. ఎండ చక్కగా కాస్తోంది. గేటు పక్కన ఒక కుక్కపిల్ల వెల్లకిలా పడుకుని నిద్రపోతోంది. నా చేతిలో మధ్యాహ్నం తిండి క్యారియరూ కళ్ళజోడు పెట్టే ఉన్నాయి. భయపడాల్సిన రోజులా ఏమీ లేదు. భయమనేది చీకట్లోనే వస్తుందని నేను కూడా అరవై ఎనిమిదేళ్ళు నమ్మినదాన్నే.

నా మనవరాల్ని పిచ్చుక అంటాను. పుట్టినప్పుడు అరచేతిలో పట్టేది. దాని తల్లి, నా ఒక్కగానొక్క కూతురు, దాన్ని నా ఒళ్ళో పెట్టి కన్ను మూసింది. పెంచింది నేనే. ఈ లోకంలో అది తప్ప నాకు, నేను తప్ప దానికి ఎవరూ లేరు.

నేను దానికి నడక నేర్పితే అది నాకు అక్షరాలు నేర్పింది. నా అరవై ఒకటో ఏట, వంటింటి తలుపుకి ఒక పలక తగిలించి రోజుకో అక్షరం రాసిపెట్టి ఉద్యోగానికి పోయేది. తెలుగు అయ్యాక ఇంగ్లీషు అక్షరాలూ నేర్పింది. అప్పట్నుంచీ నా పేరు ‘ఒకటో తరగతి’. "ఏం ఒకటో తరగతీ, హోంవర్కు అయిందా?" అంటూ ఇంట్లోకి వచ్చేది. ఆ పలక ఇప్పటికీ అక్కడే ఉంది. పాలు అయిపోయాయనో, ఆలస్యంగా వస్తాననో ఇద్దరం దాని మీదే రాసుకుంటాం.

ఆలస్యంగా చదువు వచ్చినవాళ్ళకి ఒక జబ్బు ఉంటుంది. కంటపడిన ప్రతి అక్షరమూ చదవాలి. సబ్బు మీద కాగితం, బస్సు వెనక రాత, మందు సీసా మీద చీమల బారు, ఏదీ వదలబుద్ధి కాదు. వేలు పెట్టి, కూడబలుక్కుని, చివరిదాకా చదివితే గానీ ప్రాణం ఊరుకోదు. ఆ జబ్బు వల్లే ఆ రోజు నాకు తెలిసింది. కాకపోతే ఆలస్యంగా తెలిసింది.

పిచ్చుక ఆ ఆసుపత్రిలో కంప్యూటర్ల తీగలన్నీ చూసుకునే ఇంజనీరు. ఆ వారం దానికి పడిన పని నర్సుల్ని పిలిచే గంటలది. అక్కడ ప్రతి మంచం పక్కనా ఒక మీట ఉంటుంది. రోగి నొక్కితే నర్సుల గదిలో గంట మోగి, ఏ మంచమో బోర్డు మీద పడుతుంది. ఆ గంటలన్నిటినీ నడిపే పాత మిషన్ ముసలిదైపోయింది. ఆదివారం సాయంత్రం ఆరింటికి దాన్ని ఆపేసి కొత్తది పెట్టాలి.

"ఒక్క మంచం తప్పిపోయినా పోయినట్టే అమ్మమ్మా," అంది బస్సులోనే. "గుండె పట్టుకుని ఒకాయన మీట నొక్కుతూనే ఉంటాడు. ఎవరికీ వినపడదు."

అలాంటి పనికి ఇద్దరు ఉండాలని అక్కడి నియమం. ఒకళ్ళు చేసింది ఇంకొకళ్ళు కాగితం మీద సరిచూడాలి. పిచ్చుకతో కలిసి పనిచేసే కుర్రాడి భార్యకి ఆ తెల్లవారుజామునే నొప్పులు మొదలయ్యాయి. ఇంకెవరూ దొరకలేదు.

"నీకు అంకెలు వచ్చుగా, నువ్వు రా," అంది నాతో.

"నేనా? నన్ను చూసి నవ్వరూ?"

"ఆదివారం కింద గదిలోకి ఎవరొస్తారు నవ్వడానికి? బొద్దింకలు నవ్వితే నవ్వుకోనీ."

కింద గది అంటే నేలమాళిగ. రెండు మలుపుల మెట్లు దిగాక ఇనుప తలుపు. కిటికీ లేదు. తలుపు మూయగానే ఆ ఎండా ఆ కుక్కపిల్లా ఎప్పుడో చిన్నప్పుడు చూసినవిలా అయిపోయాయి. పైన తెల్లటి గొట్టపు లైట్లు. గోడ పొడుగునా బీరువాల్లాంటి పెట్టెలు, వాటి నిండా మినుకుమినుకుమనే పచ్చ చుక్కలు. గది మొత్తం ఒకే శబ్దం. తేనెతుట్టె దగ్గర చెవి పెట్టినట్టు. చలి. కాలిన దుమ్ము వాసన, దాని అడుగున ఎక్కడో తడిసిన సున్నం వాసన.

"ఇక్కడ సెల్‌ఫోను పలకదు," అని పిచ్చుక బల్ల మీది ఫోను చూపించింది. "ఏదైనా ఇదే. నర్సుల గదికి ఒకటి నొక్కితే చాలు."

పాత మిషన్ కడుపులో ఉన్నదంతా తెర మీదికి లాగింది. పదకొండు వేల వరుసలు. ఏ తీగ ఎక్కడికి పోవాలో, ఎవరిని రానివ్వాలో, ఎవరిని ఆపాలో అన్నీ అందులోనే ఉన్నాయి. దాన్ని కాన్ఫిగరేషన్ ఫైలు అంటారట.

"ఇందులోంచి గంటల అడ్రసులు మాత్రం ఏరాలి."

"బియ్యంలో రాళ్ళు ఏరినట్టా?"

"ఆ, రాళ్ళు దాచుకుని బియ్యం పారేస్తాం. అంతే తేడా."

అడ్రసు ఎలా ఉంటుందో కాగితం మీద రాసి చూపించింది. నాలుగు చోట్ల అంకెలు, వాటి మధ్య మూడు చుక్కలు. మొదటి రెండూ అన్నిటికీ ఒకటే. మూడోది అంతస్తు. నాలుగోది మంచం. ఇంటి నెంబరులాగే ఉంది, నాకు అర్థమైంది.

తర్వాత అది తెర మీద ఒక్క వరుస రాసింది. బల్లి పాకినట్టు ఏటవాలు గీతలూ బ్రాకెట్లూ అంకెలూ.

"ఒకటి నుంచి మూడు అంకెలు, చుక్క, మళ్ళీ అంకెలు, చుక్క... ఈ రూపం ఎక్కడ కనపడితే అక్కడ పట్టుకోమని చెప్తున్నా. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అంటారు దీన్ని."

"అంత పేరు నా నోట్లో పట్టదు గానీ, జల్లెడ అను."

మొదటిసారి జల్లించేసరికి తేదీలూ ఫోను నెంబర్లూ ఏవేవో వచ్చి పడ్డాయి. పిచ్చుక నాలిక కరుచుకుంది. "ఉత్త చుక్క పెడితే దీనికి ‘ఏదైనా సరే’ అని అర్థం. చుక్కంటే చుక్కేనని చెప్పాలంటే ముందు ఏటవాలు గీత పెట్టాలి."

"మీ తాత కూడా అంతే. విడమరిచి చెప్పకపోతే సంతకెళ్ళి ఏదైనా సరే తెచ్చేవాడు."

అది పడీ పడీ నవ్వింది. ఆ నవ్వు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. దాన్ని జాగ్రత్తగా దాచుకున్నాను.

తెర మీద కొన్ని వరుసల ముందు ఒక గుర్తు కనిపించింది. నిలువు గీత, దాని కింద చుక్క. ఆశ్చర్యం గుర్తు. ఇదేంటని అడిగాను.

"ఆ గుర్తున్న వరుసని మిషన్ చదవదు. దానికి ఆ వరుస అక్కడ లేనట్టే. మనుషులు తమ కోసం రాసుకునే మాటలు అవి. నాకు ముందు ఇక్కడ ఒక పెద్దాయన పనిచేసేవాడులే, ఆయన రాసుకున్నవి. ఇరవై రెండేళ్ళు చేశాడు. ఒకరోజు తాళాల గుత్తి ఈ కుర్చీలో పెట్టి వెళ్ళిపోయాడట. మళ్ళీ ఎవరికీ కనపడలేదు."

"మరి ఆ వరుసలు ముట్టుకోవద్దని జల్లెడకి తెలుసా?"

పిచ్చుక చెయ్యి ఒక్క క్షణం ఆగింది. "జల్లెడకి రూపం తప్ప ఇంకేం తెలీదు. అయినా ఆ మాటల్లో అడ్రసులెందుకుంటాయి? ఇదిగో, ఈవేళ్టి పాఠం. ఆ గుర్తు కీబోర్డులో ఒకటి అంకె నెత్తి మీద ఉంటుంది. ఈ పెద్ద మీట పట్టుకుని ఒకటి నొక్కాలి. నొక్కు." నొక్కాను. గుర్తు పడింది. "శెభాష్. రెండో తరగతికి పంపేస్తా."

ఈసారి జల్లెడలో రెండువందల పదమూడు అడ్రసులు నిలిచాయి. నర్సుల దగ్గర్నుంచి తెచ్చిన మంచాల జాబితాలో రెండువందల పన్నెండే ఉన్నాయి. పిచ్చుక పెదవి కొరుక్కుంటూ రెండిటి వంకా చూసింది.

"ఒకటి ఎక్కువుంటే పోయేదేం లేదు," అంది చివరికి. "తక్కువైతేనే ప్రాణం మీదికొస్తుంది. ఉండనీ."

నేను చాలాసార్లు ఆ మాట దగ్గరే ఆగిపోతాను. తప్పు చేసే మనిషి అనే మాట కాదది. ప్రాణాలు కాపాడాలనుకునే పిల్ల అనే మాట.

భోజనం చేశాక ఫైలు మొత్తం అచ్చు తీసి నా ముందు పెట్టింది. నేను ఎర్ర పెన్సిలు పట్టుకుని, అడ్రసు కనపడిన చోటల్లా టిక్కు పెట్టాలి. అంకెలు మాత్రం చూడు చాలు అంది. నా జబ్బు సంగతి చెప్పానుగా. అంకెలు మాత్రం చూడటం నాకు రాదు. పెద్దాయన మాటలు కూడా చదువుతూ పోయాను. ఇంగ్లీషు అక్షరాలే గానీ లోపల తెలుగు మాటలు. ఆ మిషన్‌కి తెలుగు అక్షరాలు పడవు కాబోలు. ‘ఈ తీగ ఎలుక కొరికింది, మార్చాను.’ ‘రెండో అంతస్తు నర్సమ్మ మంచి మనిషి, టీ ఇచ్చింది.’ ‘ఈ రోజు నా పుట్టినరోజు, ఎవరికీ తెలియదు.’ చూడని మనిషి మీద ప్రేమ పుట్టింది నాకు.

నాలుగు దాటింది. నేను పావు వంతు దాటానంతే.

"నీ లెక్కన రేపటికి అవుతుంది ఒకటో తరగతీ. నువ్వు చదువుతూ ఉండు, నేనీలోపు కొత్త మిషన్‌తో అన్నిటినీ ఒకసారి పిలిపించి చూస్తా."

తెర మీద అడ్రసులు వరుసగా పచ్చబడుతూ వచ్చాయి. పిలిస్తే పలుకుతున్నాయన్నమాట. చివరిదొక్కటీ బూడిదరంగులో ఉండిపోయింది. పది లెక్కపెట్టేంతసేపు. పిచ్చుక చెయ్యి చాపి దాన్ని తీసెయ్యబోయింది.

అప్పుడు పచ్చబడింది.

"చూశావా, పలికింది."

"ఏ మంచం?"

"మూడో అంకె ఐదు. ఐదో అంతస్తు. మంచం ఒకటి."

"ఈ బిల్డింగుకి నాలుగే కదే?"

"డాబా మీద నీళ్ళ ట్యాంకు దగ్గర ఏదో పాత పెట్టె బిగించి ఉంటారులే."

బల్ల మీద ఫోను మోగింది. పిచ్చుక నాక్కూడా వినపడేట్టు పెట్టింది. పెద్ద నర్సు గొంతు. నాలుగో అంతస్తు నుంచి.

"అమ్మాయ్, బోర్డు మీద ఏదో మోగుతోంది. మంచం పేరు పడటం లేదు. ఉత్త నెంబరు. ఆపుతుంటే ఆగట్లేదు."

ఆవిడ వెనక గంట వినపడుతోంది. టింగ్... టింగ్... తొందర లేదు దానికి. ఎవరో పడుకునే, కదలకుండా, ఒక్క వేలుతో నొక్కుతున్నట్టు.

"వస్తున్నానమ్మా," అంది పిచ్చుక. నా భుజం తట్టింది. "పైకెళ్ళి చూసి పది నిమిషాల్లో వస్తా. కుర్చీలోంచి లేవకు, మెట్ల దగ్గర జారతావు."

ఇనుప తలుపు మూసుకుంది. మెట్ల మీద దాని చెప్పుల చప్పుడు ఎక్కుతూ ఎక్కుతూ పోయింది. గోడకి గడియారంలో నాలుగూ పది.

నేను మళ్ళీ కాగితాల్లో పడ్డాను. నాలుగు కాగితాలు తిప్పాను. ఐదో కాగితం మొత్తం ఆ గుర్తున్న వరుసలే. వాటి మధ్య ఒక అడ్రసు. ఎర్ర పెన్సిలుతో టిక్కు పెట్టబోయి ఆగాను. మూడో అంకె ఐదు.

వేలు పెట్టాను. ఒక్కో అక్షరం...

‘ఐదో అంతస్తు లేదు. ఈ గంట నేను పెట్టలేదు.’

గదిలో తేనెతుట్టె చప్పుడు కాస్త తగ్గినట్టు అనిపించింది.

‘మోగితే ఎవరూ వెళ్ళకండి. ఆయా వెళ్ళింది. వాచ్‌మన్ వెళ్ళాడు.’

నా వేలు వరుస తప్పి మళ్ళీ మొదటికొచ్చింది. ఎంత నెమ్మది నా చదువు. ఎంత నెమ్మది...

‘ఇద్దరూ తిరిగి వచ్చారు. వచ్చినవాళ్ళని నేను ఎరగను.’

దాని కింద, ఇంకొక్క వరుస.

‘వరుస ముందున్న గుర్తు తీయకండి. గుర్తు ఉన్నంతకాలం ఇది దానికి కనపడదు.’

ఫోను అందుకుని ఒకటి నొక్కాను. పెద్ద నర్సు తీసింది. గంట ఇంకా మోగుతూనే ఉంది.

"అమ్మా, మా పిచ్చుకని పైకి పోనివ్వకండి. ఆపండి."

"ఇందాకే వెళ్ళింది కదా పెద్దమ్మగారూ, డాబా మెట్లెక్కి." ఆవిడ గొంతు తగ్గించింది. "నేనూ అదే చూస్తున్నా. డాబా తలుపుకి తాళం ఉంది. తాళంచెవి నా దగ్గరే ఉంది. ఎక్కిన పిల్ల దిగలేదు. మెట్ల మీద చూశాను... లేదు."

"ఎంతసేపైంది?"

"పావుగంట."

గడియారం చూశాను. నాలుగున్నర. ఐదు కాగితాలు చదవడానికి నాకు అంతసేపు పట్టింది. మెట్లెక్కి పోవాలంటే నా మోకాళ్ళకి ఇంకో అరగంట. తెర వంక చూశాను. రెండువందల పదమూడో అడ్రసు పచ్చగా మెరుస్తోంది. దాని పక్కన అంకెలు క్షణానికోసారి పెరుగుతున్నాయి. పిలుస్తోంది, పలుకుతోంది. పిలుస్తోంది, పలుకుతోంది.

పిచ్చుక కుర్చీలో కూర్చున్నాను. ఇంకా వెచ్చగా ఉంది. బాణం గుర్తు మీట నొక్కుకుంటూ ఆ వరుస మొదటికి వెళ్ళాను. ఒకటి నొక్కాను. ‘1’ అని పడింది. చెరిపాను. పెద్ద మీట పట్టుకోవాలి కదూ... పట్టుకున్నాను. నొక్కాను.

గుర్తు పడింది. ఇక ఎంటర్ నొక్కితే, పిచ్చుక చేస్తుంటే చూశానుగా, మిషన్ మళ్ళీ చదువుకుంటుంది. ఆ వరుస దానికి కనపడదు.

ఫోను మోగింది.

ఎడమ చేత్తో ఎత్తాను. కుడి చెయ్యి మీట మీదే ఉంది.

అవతల గంట లేదు. నర్సుల గది సందడి లేదు. ఏదో పెద్ద ఖాళీ జాగాలో గాలి. తడిసిన సున్నం వాసన నా ముక్కుకి తగిలింది. ఫోనులోంచి వాసన వస్తుందా ఎక్కడైనా...

"ఒకటో తరగతీ..."

పిచ్చుక గొంతు. గుసగుస.

"ఎక్కడున్నావే తల్లీ?"

"నొక్కకు. నేనింకా లోపలే ఉన్నా."

నాలుగు అంతస్తుల కింద, కిటికీ లేని గదిలో, నేనొక మీట మీద వేలు పెట్టుకుని కూర్చున్నానని దానికెలా తెలుసు? నేను ఆ కాగితం చదివానని దానికెవరు చెప్పారు? నా పిచ్చుకకి తెలిసే దారి లేదు. కాబట్టి ఆ పలికింది నా పిచ్చుక కాదు. అనుకున్నాను. అంతే అనుకున్నాను.

"అమ్మమ్మా... వద్దే..."

నొక్కాను.

ఫోను చచ్చిపోయింది. పచ్చ వెలుగు ఆరింది. జాబితాలో రెండువందల పన్నెండు. గదిలో తేనెతుట్టె మళ్ళీ మామూలుగా మోగడం మొదలుపెట్టింది. అప్పుడు నాకు తట్టింది. తలుపు వేసింది నేనే. బిడ్డ ఏ పక్కనుందో చూసుకోకుండా వేశాను.

ఎంతసేపు అలా కూర్చున్నానో. మెట్ల మీద చెప్పుల చప్పుడు దిగుతూ వచ్చింది. ఇనుప తలుపు తెరుచుకుంది.

"ఏం ఒకటో తరగతీ, నా కుర్చీ కొట్టేశావా?"

నా పిచ్చుకే. అదే జడ, అదే చొక్కా, అదే నవ్వు. చేతులకి తెల్లగా సున్నం అంటింది. దాన్ని పట్టుకుని చిన్నపిల్లలా ఏడ్చాను. అది నా వీపు నిమురుతూ, "పది నిమిషాలకే ఇంత బెంగా?" అంది. గడియారంలో ఐదు కావొస్తోంది.

"పైన ఏముందే?"

"ఏముంటుంది? అంతస్తంతా తిరిగాను, ఒక్కళ్ళూ లేరు." నా మొహం చూసి పకపకా నవ్వింది. "డాబా అమ్మమ్మా, డాబా. తాళం ఉంది, గోడ తడిమి వచ్చేశా."

తెర వంక చూసింది. "రెండువందల పన్నెండు. సరిగ్గా సరిపోయింది." ఒకటి ఎలా తగ్గిందని అడగలేదు. ఆ కాగితం దాని ముందుకు తోశాను. పెద్దాయన మాటలున్నది. ఒకసారి చూసి, తిరగేసి, "ఇదేంటి, తెల్ల కాగితం ఇస్తున్నావు?" అని అచ్చు మిషన్ పళ్ళెంలో పడేసింది. పని తొందరలో ఉందిలే, సరిగా చూడలేదు అనుకున్నాను.

సాయంత్రం ఆరింటికి కొత్త మిషన్ మొదలైంది. అన్ని మంచాలూ పలికాయి. అందరూ పిచ్చుకని మెచ్చుకున్నారు. పెద్ద నర్సు మాత్రం దూరంగా నిలబడి దాని వంక చూస్తూ ఉండిపోయింది. దగ్గరికి రాలేదు.

మూడు వారాలు గడిచాయి. ఏ తేడా లేదు. అన్నం అలాగే తింటుంది. జోకులు అవే. నా మందులు వేళకి ఇస్తుంది. దాని చిన్నప్పటి సంగతులు మాయచేసి అడిగాను, ఒక్కటీ తప్పు చెప్పలేదు. మోకాలి మీద మచ్చ ఉన్నచోటే ఉంది. నాకు సిగ్గేసింది. కన్నబిడ్డ బిడ్డని పరీక్ష చేసే ముసలిదాన్ని ఏమనాలి?

ఒకరోజు పొద్దున్న పలక మీద పాలు తెమ్మని రాస్తూ, సరదాకి, నేర్చుకున్న కొత్త పాఠం కదా అని, ముందు ఆ గుర్తు పెట్టాను. సాయంత్రం అది ఉత్త చేతులతో వచ్చింది.

"పాలేవే? పలక మీద రాశాగా."

"ఏం రాశావు? ఖాళీగా ఉంది."

ఆడుతోందనుకున్నాను. మర్నాడు పెద్ద పెద్ద అక్షరాలతో, ముందు గుర్తు పెట్టి, ‘పిచ్చుకా, నువ్వేనా?’ అని రాశాను. పలక అంచు నుంచి అంచు దాకా. నేను వంటింట్లోంచి చూస్తున్నాను. అది చెప్పులు వేసుకుంటూ పలక దగ్గర ఆగింది. సుద్దముక్క తీసింది. నా అక్షరాల మీదే, చెరపకుండా, ‘ఈ రోజు ఆలస్యం అవుతుంది’ అని రాసి, నా వంక తిరిగి నవ్వి వెళ్ళిపోయింది.

ఆ ఫోనులో ‘వద్దే’ అన్న గొంతు ఎవరిదో నాకు తెలియదు. తెలుసుకునే దారి లేదు. ఆ పాత మిషన్‌ని ఎవరో పాతసామాన్లవాడికి తూకానికి ఇచ్చేశారు. పెద్దాయన కాగితం అచ్చు మిషన్ పళ్ళెంలోంచి ఎటు పోయిందో. నా దగ్గరున్నది ఈ నోటుపుస్తకం ఒక్కటే. వెళ్ళినవాళ్ళ గురించి ఎవరో ఒకరు రాసిపెట్టాలి కదా. ప్రతి వరుస ముందూ ఆ గుర్తు పెట్టే రాస్తున్నాను. దీన్ని ఎవరైనా తిరగరాస్తే ఆ గుర్తులు మాత్రం వదిలేయకండి.

రోజూ రాసేది దాని పక్కనే కూర్చుని. దాచాల్సిన పనే లేదు. ఇందాక కూడా నా తలకి నూనె రాస్తూ, "ఒకటో తరగతీ, రోజంతా ఆ ఖాళీ పుస్తకం చూస్తూ కూర్చుంటావేంటి? చదువు మరిచిపోయావా?" అంది.

నవ్వాను. నూనె మెత్తగా చెవుల దాకా జారింది. చేతులు చల్లగా ఉన్నాయి.

ఇప్పుడే, వెనక్కి తిప్పి చూసుకుంటుంటే, అనుమానం వచ్చింది. ఎక్కడో ఒక వరుసకి గుర్తు పెట్టడం మరిచినట్టున్నాను. ఏ వరుసో వెతుకుతున్నాను. దొరకడం లేదు. నా తల మీద నిమురుతున్న చేతులు ఆగాయి.

నా భుజం మీదుగా ఒక వేలు కాగితం మీదికి వచ్చింది. నాకు నేర్పినట్టే, ఒక్కో అక్షరం కింద ఆనించి, నెమ్మదిగా, కూడబలుక్కుంటూ... చదవడం మొదలుపెట్టింది.